ఈశాన్యం మూల ముంత

"నీ ముంతనే మనల్ని ముంచింది" అన్న నేను.

"నేనొచ్చేదాంక దాన్ని ముట్టకు" అన్నడు మీ తాత.

గంతే. మా ఇద్దరి నడుమ ఆఖరి మాటలు గవ్వే. ఆయన భుజం మీద గొంగడేసుకొని, సద్దిమూట పట్టుకొని దొర తోట ఎనుక దర్వాజ నుంచి పోయిండు. పైలంగ పొయ్యి రా అని గూడ నేను అనలే. పిల్లకు పాలిస్తున్నట్టు మొఖం అటు తిప్పుకున్న. పిల్ల పాలు తాగుతలేదు, ఎప్పుడో నిద్రపోయింది. ఊకెనే అటు తిరిగిన.

రాస్తున్నవా బిడ్డా? రాయి. నీ పని ముచ్చట చెప్పవ్వా, ఇప్పుడు పని నేర్చుకునే పోరగాండ్లు సదువుకుంటరు అన్నవు. వాళ్లకు చెప్పాల్నంటె నాకు ఈ ఒక్క నీళ్ల హౌజు ముచ్చటనే ఉన్నది. చేసిన పనులు మస్తున్నయి. దొరల గడీ గోడలు చేసిన, బావి ఒరలు చేసిన, షావుకార్ల మిద్దెలు చేసిన. అవన్ని మంచిగ నిలబడ్డయి. నిలబడ్డ పని గురించి ఏం చెప్తం, అది దానంతట అది నిలబడ్డది.

ఇది నిజాం రాజ్యంల ముచ్చట. ఊరు కల్వకుర్తి దిక్కు. ఊరి పేరు, దొర పేరు రాయకు. వాళ్ల మనుమలు ఇంకా ఉన్నరు, వాళ్లతోని మనకు పంచాది లేదు.

అప్పటికి మా దిక్కు సిమెంటు రాలే. అంత సున్నమే. సున్నం, ఇసుక గానుగల ఏసి ఎద్దుతోని తిప్పిస్తె వెన్న లెక్క అయితది. దాన్ని డంగు సున్నం అంటరు. గానుగ కాడ నేను, గోడ కాడ మీ తాత. ఆయన గచ్చు మెత్తితె నేను బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు చల్లుకుంట చెక్కతోని కొట్టేదాన్ని. కొట్టంగ కొట్టంగ సప్పుడు మారుతది. మొదలు బురద మీద కొట్టినట్టు మెత్తగ అంటది. పని అయ్యేటాల్లకు రాయి మీద కొట్టినట్టు టంగుమంటది. ఆ సప్పుడు ఇనంగనే మీ తాత ఎనుకకు చూడకుంటనే "ఇగ చాలు" అనేటోడు. మేం మాట్లాడుకునేది తక్కువ. పొద్దుగాల్ల నుంచి మాపటిదాంక ఆ సప్పుడే మా ముచ్చట.

దొర తోటల హౌజు కట్టుమని పిలిచిండ్రు. లోతు నా భుజాల కాడికి. అండ్ల తామర పూలు. మనుషులు తాగనీకె కాదు, బర్లు తాగనీకె కాదు. పొద్దుమీకి దొర కుర్చేసుకొని కూసోని చూడనీకె. ఊకె చూసే నీళ్లు గూడ ఉంటయని నాకు ఆడనే ఎరుకైంది.

కింద నల్లరేగడి పోసి, తడిపి, గొల్లోల్ల గొర్లను హౌజుల దింపి తొక్కిచ్చినం. మనిషి కాలు వెడల్పు, తొక్కితె సందులు మిగులుతయి. గొర్రె గిట్ట చిన్నది, కుట్లు ఏసినట్టు తొక్కుతది. గొల్లాయన గట్టు మీద కూసోని చుట్ట తాగుకుంట, "వెట్టికి నేనొక్కన్ని చాలలేదా, మందను గూడ పిలిచిండ్రు" అని నవ్వుతుండె. ఆ రేగడి మీద గచ్చు ఏసినం.

మా పనోల్లల్ల ఒక ఆచారం ఉన్నది. నీళ్లు నిలిచే పని ఏది చేసినా, ఈశాన్యం మూలకు రేగడిల చిన్న ముంత పెట్టి పూడుస్తం. అండ్ల ఇన్ని బియ్యం, పసుపు, ఒక రాగి బిళ్ల. గంగమ్మకు అన్నట్టు. మూతి మూసి, సున్నం మెత్తి, మీద గచ్చు ఏస్తం. గుప్పెట్ల పట్టేంత ముంత. కని ఆ హౌజుకు మీ తాత పెరుగు ముంత అంతది పెట్టిండు. మీ అమ్మకంటె ముందు మాకు ఇద్దరు పుట్టి పోయిండ్రు. మీ అమ్మ దక్కితె నీకు పెద్ద ముంత పెడుతనని గంగమ్మకు మొక్కుకున్నడట. నాకు చెప్పలే. "గింత పెద్దదేంది?" అని నేనడిగితె "గంగమ్మకు నాకు లెక్కున్నది, నువ్వు గానుగ చూసుకో" అన్నడు. తర్వాత కొన్నొద్దులకు పిల్లకు నీళ్లు పోసుకుంట తానే చెప్పిండు.

కింద గింత బోలు ఉంటె మీద నీళ్ల బరువు ఆగుతదా అని నాకు ఆనాడే ఒక అనుమానం పుట్టింది. పుట్టిన అనుమానం ఊకుండదు, ఎన్నడో ఒకనాడు పనికొస్త అని మూలకు కూసుంటది.

చలికాలంల నింపినం. నిలిచింది. దొర మెచ్చి మీ తాతకు రుమాలు కట్టిచ్చిండు. మేం ఇంకో ఊరి పనికి పోయినం. మేం పోయినంక దొరకు ఇంకో బుద్ధి పుట్టింది. బావి మోట నీళ్లు ఊకె కాలువల నుంచి పడితె ఏం బాగుంటది, ఆవు నోట్ల నుంచి పడాలె అన్నడట. యాడికెంచో రాతి ఆవు మొఖం తెప్పిచ్చి, కట్టిన గోడకు పైన పొక్క పొడిపిచ్చి, ఆ మొఖాన్ని ఎక్కిచ్చిండ్రు. అది మా చేతి పని కాదు.

ఎండకాలంల గుమాస్త కబురు పంపిండు. గుమాస్త అంటె దొర పనులన్నీ చూసేటోడు. మీ హౌజు నీళ్లు ఇంకుతున్నయి, రాండ్రి అని. పోయినం. ఆవు మొఖం చూసి మీ తాత మూతి ముడిసిండు గని, దాని చుట్టు సున్నం మెత్తి, రాయితోని రాకి నున్నగ చేసిండు. ముంగట నుంచి చూస్తె ఎంటిక పట్టే సందు లేదు. అయినా నీళ్లు తగ్గుడు ఆగలే.

గుమాస్త మా ఇద్దర్ని నిలబెట్టి చెప్పిండు. హౌజు నిలిచేదాంక ఊరు దాటొద్దు. నిలవకపోతె ఈ చుట్టు ఏ ఊర్ల గూడ ఎవలు మమ్మల్ని పనికి పిలవకుంట తాను చూసుకుంటడు. గచ్చు పనోనికి చేతి పేరే తిండి. నన్ను తిట్టినా, తనను తిట్టినా మీ తాత పడేటోడు, పనిని తిడితె మాత్రం అన్నం తినకపోయేది.

ఒక్కొక్కరు ఒక్కోటి చెప్పిండ్రు. కోతులు తాగుతున్నయని ఒకరు, తామరలు తాగుతున్నయని ఒకరు. దొర తల్లి దిష్టి తగిలిందని హౌజు నాలుగు దిక్కుల నిమ్మకాయలు కట్టిచ్చింది. తోట మాలి ఒక ముసలాయన ఉండె. చెట్లకు నీళ్లు పెట్టేది, మోట కొట్టేది అన్నీ ఆయనే. "ఎండ తాగుతాంది రా. మోట కొట్టెటాల్లకు నా ఒంట్లనే తడి లేకుంట తాగుతది, హౌజు ఎంత?" అనేటోడు. ఆయన మల్లెపందిరి ఆ ఎండల్ల గూడ పచ్చగ ఉండె. అది తన చేతి గుణమని వచ్చినోళ్లకు పోయినోళ్లకు చెప్పేది.

ఎండనా కాదా అని తేల్చుకునే తీరు ఒకటి ఉన్నది, పోరగాండ్లు యాది పెట్టుకోండ్రి. వెడల్పు మూతి కుండ తెచ్చి హౌజు మెట్టు మీద నీళ్లల్ల నిలబెట్టాలె. కుండల నీళ్లు, హౌజుల నీళ్లు సమానం పోసి, రెండిటికి బొగ్గుతోని గీత గియ్యాలె. ఎండనే తాగితె రెండూ ఒక్క తీరు దిగుతయి. మీ తాత గట్లనే పెట్టిండు. తెల్లారి చూస్తె కుండల దారం మందం దిగింది, హౌజుల బెత్తెడు దిగింది. మాలికి చూపిస్తె, "దొర నీళ్లు తియ్యగుంటయి, ఎండకు గూడ ఆ సంగతి ఎరుకే" అన్నడు.

అంటె యాడనో పొక్క ఉన్నది. అప్పుడు చెయ్యాల్సింది ఒక్కటే. నింపుడు బంజేసి, చేతులు కట్టుకొని కూసోవాలె. నీళ్లు దిగి దిగి ఎంత ఎత్తుల ఆగితె పొక్క అంత ఎత్తుల ఉన్నట్టు. ఇంత సులువు పని. గదే మాకు చెయ్యనియ్యలే. దొర నిద్ర లేచేటాల్లకు హౌజు అంచు దాంక నిండాలె, అది హుకుం. పొద్దుగాల్ల మాలి మోట కొడుతడు, నిండుతది. మల్ల తెల్లారేటాల్లకు దిగుతది, మల్ల కొడుతడు. మీ తాత గుమాస్త ముంగట చేతులు కట్టుకొని "కొన్నొద్దులు నింపకుంట ఇడిసిపెట్టుండ్రి, నీ బాంచెన్" అన్నడు. దొరకు బురద చూపిస్తవా అని గుమాస్త కసిరిండు.

ఇగ నీళ్లల్ల దిగి, గోడలన్ని చేతులతోని తడుముడు పెట్టిండు. చేతి ఏళ్లు ఉబ్బి తెల్లగయ్యేయి. ఇంకో తీరు గూడ చూసిండు. వెదురు గొట్టంతోని నీళ్ల అడుగున సున్నపు పాలు ఇడిస్తె, కదలని నీళ్లల్ల ఆ తెలుపు పొగలెక్క పొక్క దిక్కు పోతది. తెల్లారంగనే చెయ్యాలె, గాలి లేకముందు. కని అదే యాల్లకు మోట షురూ అయ్యేది. ఆవు నోట్ల నుంచి దడదడ నీళ్లు పడుతుంటె ఆ పొగ యాడికీ పోకుంట సుడి తిరిగేది. జర ఆగు కాకా అని మీ తాత మొత్తుకుంటె, దొర లేచినంక నా ఈపు మీద నువ్వు పండుకుంటవా అని మాలి ఎద్దులను అదిలిచ్చేది. ఆయనదీ తప్పు లేదు.

నాకు ఓపిక తక్కువ. ఒకనాడు మధ్యాన్నం పిల్లను మామిడికొమ్మకు కట్టిన చీరల పండబెట్టి, గుప్పెడు తవుడు తెచ్చి హౌజు మీద చల్లిన. జర సేపు ఆడనే ఉన్నది. తర్వాత మెల్లగ అంత ఒక్క దిక్కే కదిలింది. పొయ్యి పొయ్యి ఈశాన్యం మూలకు కుప్పయింది. తెల్లారి మధ్యాన్నం మల్ల చల్లిన. మల్ల ఆడికే. అది ముంత పెట్టిన మూల.

మీ తాతకు చూపిచ్చిన. శాన సేపు ఆ తవుడు దిక్కే చూసిండు. నేను ఊకుంటనా? అన్నం కాడ అదే ముచ్చట, సున్నం కాడ అదే ముచ్చట. ముంత పెద్దగున్నది, బరువుకు కూలింది, మీద గచ్చు కుంగి పగిలింది, తీద్దాం అని ఎంటబడ్డ.

"తియ్య" అన్నడు.

"తియ్యకుంటె ఎట్ల తేలుతది?"

"మొక్కి పెట్టిన ముంత అది. తీసినంక పిల్లకు ఏమన్నయితె నువ్వు జవాబు చెప్తవా?"

ఇద్దర్ని మట్టిల పెట్టినోల్లం. కని హౌజు నిలవకపోతె ఆ పిల్లనే ఏం పెట్టి సాకుతం అని నా బాధ నాది. పిల్ల కోసమే ఆయన వద్దన్నడు, పిల్ల కోసమే నేను తియ్యుమన్న. ఒక్క పిల్ల కోసం ఇద్దరం రెండు దిక్కులు గుంజినం.

ఆఖరుకు ఆయనే ఒక తొవ్వ చూసిండు. ఆయనకు పని నేర్పింది వాళ్ల మేనమామ, మర్రిగూడల ఉంటడు. ముంత పెట్టుడు గూడ ఆయన నేర్పిందే. మామను తోలుకొస్త, ఆయన తియ్యుమంటె ఆయన చేతనే తీపిస్త అన్నడు. రెండు పొద్దుల నడక. గుమాస్త ఒప్పుకున్నడు గని, నన్ను పిల్లను ఈడ ఉంచి పొమ్మన్నడు. ఉంచుకుంటె మల్ల వస్తడని. నాకు కోపం వచ్చింది. పక్కకు పొయ్యే ఊరా అది, వచ్చేదాంక ఈళ్లు ఆగుతరా అని. గా కోపంల అన్న మాటనే నేను మొదలు చెప్పింది. పోయిండు.

ఆయన పోయినంక కొన్నొద్దులకు, పట్నం నుంచి సర్కారు పెద్ద ఆఫీసరు తాలూక్‌దారు సాబు వస్తాండు, హౌజు కాడనే దావతు, నిండిన హౌజు నిండినట్టే ఉండాలె అని గుమాస్త వచ్చి చెప్పిండు. నీ మొగడు పారిపోయిండా అని గూడ అడిగిండు. ఆ మాట నాకు సున్నం లెక్క మండింది. ఆయన పారిపోయే మనిషి కాదు, నేనే చేసి చూపిస్త, ఒక్క పొద్దు హౌజు ఖాళీ చేయనియ్యి అన్న. ఏమనుకున్నడో, సరే అన్నడు.

తోట పనోల్లు బకిట్లతోని తోడిండ్రు. తామరలను గాబుల్లకు మార్చినం. నేను లోపలికి దిగి, తియ్యబోయే ముందు అలవాటుకొద్ది ఆ మూలను చెక్కతోని కొట్టిన. టంగుమన్నది. గట్టి పని సప్పుడు. బోలు ఉంటె, పగులుంటె అట్ల మోగది. నా చెవి నాకు చెప్పింది బిడ్డా. కని నా కండ్లు తవుడును చూసినయి గద, చెవి మాట ఇనలే.

ఉలి పెట్టే ముందు మొక్కిన. "గంగమ్మా, పట్టుకుంటె నన్ను పట్టుకో. పిల్ల జోలికి పోకు" అన్న. మొగని పేరు ఎత్తలే. యాది రాలే. ఆయన తొవ్వల ఉన్నడు, మంచిగ ఉన్నడు అనుకున్న.

గచ్చు పగలనీకె మధ్యాన్నమయింది. ఉలి దిగదు. గచ్చు కింద రేగడి. దాని మీద గొర్రె గిట్టల గుర్తులు నిన్న తొక్కినట్టే ఉన్నయి. యాడ తడి లేదు, యాడ కుంగలే. తవ్వి ముంత మెడ చుట్టు మట్టి తీసిన. ముంత మంచిగున్నది. గీత గూడ పడలే. మూతికి మెత్తిన సున్నం ఊడపీకి చూసిన. బియ్యం ఎండుగున్నయి. పసుపు వాసన గుప్పుమన్నది.

ఆడనే కూసున్న. పైన గట్టు మీద తోట పనోల్లు, ఏమున్నది, ఏమున్నది అని వంగి చూస్తున్నరు. ఏం లేదన్న. ఆయన పనిల తప్పు లేదు అన్నట్టు. ఆ మాట చెప్పనీకె ఆయన పక్కన లేడు. వచ్చినంక కాళ్లు మొక్కి చెప్త అనుకున్న. ఏమంటడో గూడ అనుకున్న, "నీ తవుడు బర్రెకు పెట్టు" అంటడు అని ఒక్కదాన్నే నవ్వుకున్న.

ముంతను ఎప్పటిలెక్క పెట్టి, మట్టి కప్పి, నా చేతులతోని గచ్చు ఏసిన, కొట్టిన. నున్నగ ఉన్న ఆయన పని మీద నా అతుకు. నింపిండ్రు. తెల్లారి చూస్తె మల్ల బెత్తెడు దిగింది.

గుమాస్త తిట్టిన తిట్లు నేను చెప్ప, నువ్వు రాయకు. తాలూక్‌దారు వచ్చిన్నాడు మాలి పొద్దంత మోట కొడుతనే ఉన్నడు, హౌజు నిండినట్టే ఉన్నది. ఆ సాబు హౌజుకు ఈపు పెట్టి కూసున్నడు. పులావు తిన్నడు, జర సేపు కునికిండు, మోటరెక్కి పోయిండు. ఒక్కపాలన్న నీళ్ల దిక్కు మర్లి చూడలే. ఆ మనిషి కోసం మేం తన్నుకున్నం.

అటెన్క గత్తర, గదే కలరా, వచ్చింది. మొదలు తూర్పు దిక్కు ఊర్లల్ల అన్నరు, తర్వాత పక్క ఊరే అన్నరు. దొరలు ఇంటిల్లిపాది పట్నం పోయిండ్రు, గుమాస్త గూడ ఎంటనే పోయిండు. గడీల నలుగురు పనోల్లు, తోటల మాలి, నేను, పిల్ల మిగిలినం.

ఒకనాడు ఎనుక దర్వాజ కాడ కచ్చురం బండి ఆగింది. మామ దిగిండు. ఆయన నడుము వంగిన మనిషి. మర్రిగూడ దిక్కు శానమందికి గట్లనే, ముసలితనం రాకముందే నడుములు, మోకాళ్లు వంగిపోయేయి. తాగే నీళ్లల్లనే ఏదో ఉన్నదని తర్వాత ఎన్నడో చెప్పిండ్రు. ఆయన కట్టె ఊతకు మెల్లగ దిగేదాంక, లోపల ఇంకో మనిషి దిగుతడని నేను చూస్తున్న. బండాయన ఎద్దులను ఇప్పబట్టిండు. అప్పుడు ఎరుకైంది, ఇంకెవలు లేరని.

"బిడ్డా, పిల్ల యాడున్నది?" అన్నడు మామ. నాకు ఆయన పెద్దనాయిన వరుస. పిల్లను ఎత్తుకొని, నా దిక్కు చూడకుంట, పిల్లతోని చెప్పినట్టు చెప్పిండు. మర్రిగూడకు పోయిన మర్నాడే వాంతులు, బేదులు పట్టుకున్నయట. దవాఖానకు కొంచవోయే టైం గూడ ఇయ్యలేదట.

ఏడ్చిన సంగతి చెప్పి ఏం చేస్త. ఎవలేడుస్తె వాళ్లకే ఎరుక.

ఊర్ల ఆడోల్లు వచ్చి కూసున్నరు. కూసొని మెల్లగ ఒకరికొకరు, మొక్కిన ముంతను తీసింది, గంగమ్మ ఊకుంటదా అన్నరు. నా ముంగటనే అన్నరు. నేను నన్ను పట్టుకో అన్న, పిల్లను ఇడిసిపెట్టు అన్న. గంగమ్మ రెండు మాటలూ ఇన్నదా, ఏదీ ఇనలేదా, నాకు ఇయ్యాల్టికీ తెల్వది. మామ ఆ మాటలు ఇని, వాళ్లను లేపి పంపి, "నువ్వు తవ్వకముందే వాడు పోయిండు బిడ్డా. నేను లెక్క చూసిన" అన్నడు. నిజంగ చూసిండో, నా కోసం చూసిండో. నేను మల్ల అడగలే.

కొన్నొద్దులైనంక మామ కట్టె పట్టుకొని హౌజు కాడికి పోయిండు. మాలిని పిలిచి, "ఇయ్యాల్టి నుంచి నింపకు" అన్నడు. మాలి తల గోక్కున్నడు. "దొర లేడు, గుమాస్త లేడు. నీళ్లు ఎవలకు చూపెడుతవ్, కాకులకా?" అన్నడు మామ. మాలి ఎద్దులను ఇప్పిండు.

రోజూ పొద్దుగాల్ల మామ వచ్చి గట్టు మీద కూసునేది, నేను పిల్లను ఎత్తుకొని పక్కన నిలబడేది. నీళ్లు దిగినయి, ఇంకింత దిగినయి, ఆగినయి. తెల్లారి చూస్తె ఆడనే. ఇంకో తెల్లారి ఆడనే. ఎండకు దారం మందం తప్ప దిగలే. యాడ ఆగినయంటె, సరిగ్గ ఆవు కింది పెదవి కాడ.

గప్పుడు గూడ నాకు పట్టలే. "మరి తవుడు ఈశాన్యం మూలకు ఎందుకు పోయింది పెద్దనాయినా?" అన్న. మామ గుప్పెడు తవుడు తెమ్మని చల్లిచ్చిండు. మల్ల ఆ మూలకే పోయింది. నీళ్లు దిగుతలేవు, తవుడు మాత్రం పోతాంది. అప్పుడు ఆయన తన తల రుమాలు ఇప్పి కొసను పట్టుకున్నడు. రుమాలు ఈశాన్యం దిక్కు ఎగిరింది.

"గాలి బిడ్డా" అన్నడు. "మన దిక్కు ఎండకాలం మధ్యాన్నం గాలి నైరుతి నుంచే వస్తది. పైన తేలేది గాలి మాట ఇంటది, పొక్క మాట ఇనదు. అందుకే వాడు సున్నపు పాలు అడుగున ఇడిసింది."

గంతేనా అనిపిచ్చింది. ఏండ్లసంది ఆ గాలిల పని చేసినదాన్ని. గానుగ కాడ సున్నపు దుమ్ము కండ్లల్ల పడకుంట ఏ దిక్కు తిరిగి కూసోవాల్నో ఎరుక. హౌజు కాడ మాత్రం యాది రాలే.

ఆవు మొఖం ఎనుక దిక్కు తవ్వినం. మొఖం గోడకు ముంగట మాత్రమే అతుక్కున్నది. ఎనుక కాలువ రాయికి, మొఖానికి నడుమ చెయ్యి పట్టేంత సందు. నీళ్లు ఆ పెదవి మీదికి వచ్చినప్పుడల్ల నోట్లకెంచి ఎనుకకు పోయి, ఆ సందుల నుంచి భూమిల ఇంకుతున్నయి. మల్లెపందిరి ఏర్లు తెల్లగ ఆ సందు నిండ అల్లుకొని ఉన్నయి. మాలి చూసి, పొయ్యి మోట గట్టున కూసున్నడు. గోడలు తడిమినం, అడుగు తవ్వినం. నీళ్లు వచ్చే తొవ్వనే నీళ్లు పోతయని మా ఇద్దర్ల ఒక్కరికీ తట్టలే.

నేనే సున్నం నూరిన, నేనే ఆ సందు మూసిన. చెప్పేటోడు లేడు గనుక టంగుమనేదాంక కొట్టి, ఇంక జర సేపు గూడ కొట్టిన. మల్ల అంచు దాంక నింపిచ్చినం. నిలిచింది.

మామ పొయ్యేనాడు నన్ను పిల్లను గూడ బండెక్కుమన్నడు, మర్రిగూడకే. తొవ్వల అడిగిన. అప్పటిదాంక ధైర్యం రాలే. ఆయన ఆఖరుకు ఏమన్న అన్నడా అని.

మామ ఎద్దుల దిక్కు చూసుకుంటనే చెప్పిండు.

"హౌజు ముచ్చటనే మాట్లాడిండు బిడ్డా. 'మామా, దాని మాటనే నిజం. పిల్ల మీద పానంతోని పెద్ద ముంత పెట్టి పని ఖరాబు చేసుకున్న. నువ్వు ఎంటరా, పొయ్యి తీసేద్దాం' అన్నడు. బాగయితె తెల్లారే బయలెల్దామని సద్ది గూడ కట్టుమన్నడు."

అదీ సంగతి. మొండిగ పోయిండని నేననుకున్న. నడుసుకుంట నడుసుకుంట ఆయన నా మాటకు ఒప్పుకున్నడు. తప్పు మాటకు ఒప్పుకున్నడు. తన పని మంచిగ లేదనుకొని పోయిండు. ఎవలు అన్నరు ఆ మాట? గుమాస్త అంటె ఆయన పట్టిచ్చుకోకపోయేది. నేనన్న గనుక నమ్మిండు.

పోరగాండ్లకు ఏం చెప్పాలె అంటవా? నీళ్లు తగ్గితె మొదలు నింపుడు ఆపుండ్రి. ఎవలు హుకుం ఇచ్చినా ఆపుండ్రి. తేలే దాన్ని నమ్మకుండ్రి. చేతి కింద సప్పుడును నమ్ముండ్రి. ఇవన్ని నేను తర్వాత ఎందరికో చెప్పిన, నా ఎనుక పని నేర్చుకున్నోల్లు ఎందరో ఉన్నరు. అయితె పక్కన పని చేసే మనిషిని ఎట్ల అనుమానించాలె, ఎంతవరకు అనుమానించాలె, అది మాత్రం నాకు ఎవలు నేర్పలే, నేను ఎవలకు నేర్పలే.

ఆ హౌజు గడీ పోయేదాంక నిలిచిందట. అటు దిక్కు పోయినోల్లు చెప్పేది. ఎవలు కట్టిండ్రని ఎవలూ అడగరు. అందుకే రాయిస్తున్న. తాత పేరు వద్దు, ఆయనకు అది ఇష్టం ఉండకపోయేది. గచ్చు మంచిగుండె, రేగడి మంచిగుండె, ముంత మంచిగుండె, ఆయన పనిల ఏ తప్పు లేకుండె అని రాయి. రాసినవా? నా కండ్లకు ఆ గీతలు అన్నీ ఒక్క తీరే కనవడుతున్నయి. యాడ రాసినవో ఏలు పెట్టి చూపియ్యి. మొత్తం వద్దు బిడ్డా, ఆ ఒక్క ముక్క సదువు. ఇన్నేండ్ల సంది నా లోపలనే అనుకున్న, ఒక్కసారన్న పైకి ఇనాలె. జర పెద్దగ సదువు.